ఇద్దరి పే స్లిప్పూ ఒకటే, మరి నా దగ్గరే ఎందుకు మిగలదు?

ప్రశ్న:

నాకు 33 ఏళ్లు. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె, ఎస్సీ కుటుంబం. నాన్న బేల్దారి పనికి, అమ్మ మిరపకాయ కోతలకు పోయి మమ్మల్ని పెంచారు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ చదివి బెంగళూరు వచ్చాను. ఇప్పుడు అన్నీ పోను నెలకు లక్షా నలభై వేలు చేతికొస్తాయి. మారతహళ్లిలో అద్దెకుంటాం, నేను, నా భార్య, మూడేళ్ల పాప.

నాతోపాటే కంపెనీలో చేరిన ఫ్రెండు ఒకడున్నాడు. తెనాలి దగ్గర వాళ్లది. గ్రేడు, జీతం ఇద్దరిదీ ఒకటే. మంచివాడే. పోయినేడాది వైట్‌ఫీల్డ్ అవతల 90 లక్షలకు ఫ్లాటు కొన్నాడు, వాళ్ల నాన్న 40 లక్షలు ఇచ్చారు. మొన్న లంచ్ దగ్గర, ‘మనిద్దరి జీతం ఒకటే కదరా, ఇంకా కులం ఎక్కడుంది? అంతా మనీ మేనేజ్‌మెంట్‌లోనే ఉంది. మీవాళ్లు వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెట్టేస్తారు’ అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు నా ఖాతాలో ఉన్నది పదకొండు వేలు. చెల్లి పెళ్లికి, నాన్న మోకాలి ఆపరేషన్‌కి ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన ఆరు లక్షలు రెండేళ్లుగా అలాగే ఉన్నాయి. ఇంటికి నెలకు పాతిక వేలు పంపుతాను. ఊళ్లో మాత్రం నేను కోటీశ్వరుణ్ణి.

మా టీమ్‌లో అట్లాంటాలో ఉండే నల్లజాతి సహోద్యోగి ఒకతను ఈ మాట విని, ‘మా ఇంట్లోనూ అందరికీ నేనే బ్యాంకు’ అన్నాడు. కొంచెం ఊరట అనిపించింది, ఎందుకో తెలీదు.

ఇంకొకటి రాయడానికి సిగ్గుగా ఉంది. మా చిన్నాన్న కొడుకు వర్తూరు వైపు బిల్డింగ్ పనికి వచ్చి రేకుల షెడ్డులో ఉంటున్నాడు. ఆదివారం ఇంటికి వస్తానంటే నాకు టెన్షన్. గేటు దగ్గర సెక్యూరిటీ వాడు ఆపి ఫోన్ చేస్తే చుట్టుపక్కల వాళ్లు చూస్తారని.

నేనూ అప్పు చేసి ఫ్లాటు కొనెయ్యాలా? ఇంటికి పంపడం తగ్గించాలా? నా ఫ్రెండుకి ఏం చెప్పాలి? మాకు తాత నాటి డీ పట్టా భూమి ఎకరం ఇరవై సెంట్లు ఉంది, అమ్మితే అప్పు తీరుతుందని నాన్న అంటున్నారు. దయచేసి పేరు వేయకండి.

సమాధానం:

ఫ్లాటు సంగతి ముందు తేల్చేద్దాం, మిగతావాటికంటే అదే తేలిక. ఇప్పుడు కొనకండి. లంచ్ దగ్గర పడ్డ మాటకు జవాబుగా అయితే అసలే వద్దు.

బ్యాంకు ఉద్యోగంలో చాలా ఏళ్లు నేను ఇంటి అప్పుల సీట్లో కూర్చున్నాను, ఎక్కువ కాలం ఈ బెంగళూరులోనే. మీలాంటివాళ్లు, మీ ఫ్రెండులాంటివాళ్లు ఒకే కంపెనీ పే స్లిప్పులు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ కాగితాలు పక్కపక్కన పెడితే తేడా కనపడేది కాదు. ‘మార్జిన్ మనీ, అంటే మీ వంతు డబ్బు, ఎక్కణ్ణుంచి తెస్తారు?’ అని అడిగినప్పుడు బయటపడేది. ఒకరు తల కూడా ఎత్తకుండా ‘నాన్న పంపుతారండీ’ అనేవారు. ఇంకొకరు కాసేపు ఆగి, గొంతు తగ్గించి, ‘దానికి పర్సనల్ లోన్ పెట్టుకుంటే ఫర్వాలేదా మేడమ్?’ అని అడిగేవారు. ఆ పే స్లిప్పులో కులానికి గడి లేదు. పెట్టాల్సిన అవసరమూ రాలేదు.

90 లక్షల ఫ్లాటుకు బ్యాంకు ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 80 శాతం, అంటే 72 లక్షలు. అది రిజర్వ్ బ్యాంకు గీసిన హద్దు. మిగతా 18 లక్షలు మీరు తేవాలి. కర్ణాటకలో స్టాంపు డ్యూటీ, దానిమీద సెస్సు, సర్‌ఛార్జీ, 2025 ఆగస్టు చివర్లో ఒక శాతం నుంచి రెండు శాతానికి పెంచిన రిజిస్ట్రేషన్ ఫీజు, అన్నీ కలిపితే ఏడున్నర శాతం దాటుతుంది. అంటే ఇంకో ఆరేడు లక్షలు, దానికి ఇంటి అప్పు పుట్టదు. తాళం చేతికి రాకముందే పాతిక లక్షల రొక్కం కావాలన్నమాట. మీ ఖాతాలో పదకొండు వేలున్నాయి.

ఇక మీ ఫ్రెండు లెక్క చూడండి. నాన్న 40 లక్షలు ఇస్తే అతను అప్పు చేసింది 50 లక్షలు. వడ్డీ ఎనిమిదిన్నర శాతం, గడువు ఇరవై ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 43 వేల చిల్లర. మీరు ఎలాగో ఆ పాతిక లక్షలు కూడగట్టి 72 లక్షలు అప్పు చేశారనుకుందాం. మీ ఈఎంఐ 62 వేల చిల్లర. నెలకు 19 వేల తేడా, ఇరవై ఏళ్లకు 45 లక్షల పైమాట. అదే అంతస్తు, అదే లిఫ్టు, అదే బాల్కనీ. మీరు మాత్రం 45 లక్షలు ఎక్కువ కట్టి అందులో ఉంటారు. ముందు తెచ్చిన పాతిక లక్షల అప్పూ దాని వడ్డీ వేరే. ఇందులో మనీ మేనేజ్‌మెంట్ ఎక్కడుందో మీ ఫ్రెండే చూపించాలి.

జీతగాళ్లు పెద్దగా పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. మీ జీతం మీ చేతికి రాకముందే పన్ను కోసుకుని వస్తుంది. వాళ్ల నాన్న ఇచ్చిన 40 లక్షలకు కొడుకు పన్ను కట్టక్కర్లేదు, తండ్రి ఇచ్చిన బహుమతి ఆదాయం కింద లెక్కకు రాదు. పొలం మీద వచ్చే ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. చనిపోయినవాళ్ల ఆస్తి వారసులకు వెళ్లేటప్పుడు వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు. ఏటేటా ఆస్తి మీద వేసే సంపద పన్ను 2015 బడ్జెట్‌తో పోయింది. మన దేశంలో పనిచేసి సంపాదించుకుంటే పన్ను, పుట్టి సంపాదించుకుంటే లేదు. నేను దీన్ని మార్చమని ఊరేగింపు తియ్యమనడం లేదు. ‘జీతం ఒకటే’ అనే మాటలో ఎంత దాగిపోతుందో చూడమంటున్నాను.

తెనాలి అంటే కృష్ణా పశ్చిమ డెల్టా. విజయవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. అప్పట్నుంచి ఆ కాలువల కింద ఎవరి పేరున ఎకరాలున్నాయో వాళ్ల మునిమనవలకు ఇవాళ్టికీ పండుతూనే ఉంది. ఒకరికి వరి, ఒకరికి రైస్ మిల్లు, ఇంకొకరికి గుంటూరులో సైటు, మరొకరికి అమెరికాలో ఎంఎస్ ఫీజు. పిల్ల పెళ్లికి ‘పసుపు కుంకుమ కింద’ ఎకరం రాసిస్తే అది కూడా సొంత కులంలోనే ఇంకో ఇంటికి పోతుంది, పొలిమేర దాటదు. ఆ పొలాల్లో మూడు నాలుగు తరాలు నాట్లేసి, కుప్పలు నూర్చినవాళ్లు పాస్‌బుక్కులో లేరు. మీ వైపు నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు 1967లో వదిలారు. మెట్ట చేలు రాత్రికి రాత్రి మాగాణి అయ్యాయి. చేను ఉన్నవాడికి అయ్యాయి. లేనివాడికి ఏడాదిలో ఇంకొన్ని రోజుల కూలి దొరికింది.

అలాగని మీ ఫ్రెండు తాతగారు కష్టపడలేదని అనుకోకండి. ఎకరాలున్నవాళ్లే పత్తి మునిగి, మిరప ధర పడిపోయి పురుగుమందు తాగిన ప్రాంతం మీది, మీకు నేను చెప్పక్కర్లేదు. ఇద్దరూ కష్టపడ్డారు. ఒకాయన కష్టం పొలంలో నిలబడి, అమ్ముకోవడానికీ తాకట్టుకీ పనికొచ్చింది. ఇంకొకాయన కష్టం సాయంత్రం కూలి డబ్బులై, ఆ రాత్రికే బియ్యంలోకి పోయింది.

మీ అట్లాంటా సహోద్యోగి మాట విని ఎందుకు ఊరట అనిపించిందో తెలీదన్నారు. నాకు తెలుసనే అనుకుంటున్నాను. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం తెల్లజాతి కుటుంబాల్లో సరిగ్గా నడిమధ్యన ఉన్న కుటుంబం నికర ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాల్లో అలా మధ్యనున్న కుటుంబానిది 44,900 డాలర్లు. ఆదాయాల్లో అంత దూరం లేదు, అక్కడ నల్లజాతి కుటుంబానిది తెల్లజాతి కుటుంబం ఆదాయంలో మూడింట రెండు వంతుల దాకా ఉంటుంది. ఆస్తికి వచ్చేసరికి ఆరో వంతు. ఖర్చు చేసే తీరు వల్ల ఇంత తేడా రాదు. 1865లో బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లకు దక్షిణ తీరంలో కుటుంబానికి నలభై ఎకరాల దాకా ఇమ్మని జనరల్ షెర్మన్ ఉత్తర్వు ఇస్తే, ఆ ఏడాది తిరక్కుండానే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూమిని పాత యజమానులకే తిరిగి ఇప్పించాడు. 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపులు గీయించి, నల్లజాతివాళ్లున్న పేటలకు, అక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదమని, ఎర్ర రంగు పూసింది. 1934లో మొదలైన సర్కారు గృహరుణ హామీ ఆ పేటలకు దాదాపు అందలేదు. ఇళ్ల విషయంలో జాతి వివక్ష చట్టవిరుద్ధం అయింది 1968లో. ఈలోగా తెల్లజాతి జీతగాడు తక్కువ వడ్డీకి ఇల్లు కొని, దాని ధర పెరిగి, దాన్ని చూపించి పిల్లల్ని కాలేజీకి పంపాడు. నల్లజాతి జీతగాడు అద్దె కట్టాడు.

ఇది మన కులం కథే అని నేను అనను. వాళ్లకు రంగు మొహం మీదే కనపడుతుంది, మనకు ఇంటిపేరు అడగాలి. వాళ్ల బానిసత్వానికి ఒక తేదీన ముగింపు ఉంది, మన పల్లెల్లో వెట్టికి అలాంటి రోజేదీ ఎవరికీ గుర్తులేదు. కానీ ఒక్క చోట రెండూ కలుస్తాయి. తరం మొత్తంలో మొదటిసారి జీతం చూసినవాడు ఇంటిల్లిపాదికీ బీమా కంపెనీ, పింఛను ఆఫీసు, అప్పిచ్చే షావుకారు అవుతాడు. అందుకే మీ సహోద్యోగి అన్న మాట మీకు సొంత మాటలా వినపడింది.

మీ ఫ్రెండుకి ఏం చెప్పాలి? 1855 చెప్పకండి. ఆ చర్చ లంచ్ టేబుల్ దగ్గర గెలిచినవాణ్ణి నేను చూడలేదు. రిజర్వేషన్ దాకా వెళ్లనే వద్దు, మీ ఇద్దరి కంపెనీలో అసలు అది లేదు కూడా. ఇద్దరే ఉన్నప్పుడు, కోపం లేకుండా ఒకటే అడగండి: ‘మీ ఇంటికి నెలకు ఎంత పంపుతావు?’ జవాబు ఏమొస్తుందో మీకూ తెలుసు. తర్వాత మీరు పంపేది, మీరు వడ్డీ కట్టేది చెప్పండి. పాతిక వేలు, పద్దెనిమిది వేలు, కలిపితే 43 వేలు. అతని ఈఎంఐ కూడా 43 వేలే. ఈ రెండంకెలు పక్కపక్కన వినపడ్డాక కూడా అతను ‘మీవాళ్లు’ అంటే, ఆ స్నేహం ఆఫీసు వరకే ఉంచుకోండి. మంచివాడని మీరే రాశారు, బహుశా ఇంతవరకూ ఎవరూ చెప్పక తెలియలేదేమో. ఆస్తి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఆస్తి కనపడదు, తమ పొదుపు గుణమే కనపడుతుంది. ‘మీవాళ్లు ఖర్చు పెట్టేస్తారు’ అన్నది మాత్రం తెలియక అన్నమాట కాదు, అది ఎక్కడో విని నేర్చుకున్న మాట. దానికి నవ్వక్కర్లేదు. ‘అలా అనకు’ అంటే చాలు, అంతకంటే వివరణ బాకీ లేరు మీరు.

కులం ఎక్కడుంది అన్నదానికి ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద ఆర్థికవేత్త సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. దళిత, ముస్లిం పేర్లతో అడిగినవాళ్లకు ఇల్లు లేదనడం, లేదా ఎక్కువ షరతులు పెట్టడం అందులో తేలింది. బెంగళూరులో టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేసినవాళ్లకు ఇది అధ్యయనం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. అవతల తెలుగు ఓనరైతే జీతం కంటే ముందు ‘మనోళ్లేనా?’ అని అడుగుతారు. అలా ఇల్లు దొరక్క ఇంకో ఏరియాకు పోతే, ఆఫీసుకు దూరం, పెట్రోలు ఖర్చు, టైమ్ అన్నీ మీ జీతంలోంచే పోతాయి. అవీ పే స్లిప్పులో కనపడవు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మీకు ఇవాళ ప్రమాదం ఫ్లాటు లేకపోవడం కాదు, ఆ మూడు రూపాయల వడ్డీ. నూటికి నెలకు మూడు అంటే ఏడాదికి 36 శాతం. ఆరు లక్షలకు నెలకు 18 వేలు. రెండేళ్లలో 4,32,000 కట్టారు, అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. చిల్లు కుండలో నీళ్లు పోస్తూ పెద్ద కుండ కొందామా అని అడుగుతున్నారు. మీలాంటి జీతం, సక్రమమైన సిబిల్ (పాత అప్పులు ఎలా తీర్చారో చూపే స్కోరు) ఉన్నవాళ్లకు బ్యాంకులు పన్నెండు శాతం అటూఇటూగా పర్సనల్ లోన్ ఇస్తాయి. ఆరు లక్షలు, పన్నెండు శాతం, మూడేళ్లు అంటే ఈఎంఐ ఇరవై వేలకు కాస్త తక్కువ. ఇప్పుడు కడుతున్నదానికి రెండు వేలు కలిపితే మూడేళ్లలో అసలుతో సహా చుక్క మిగలకుండా తీరుతుంది. మీ భార్య ఒప్పుకుని, ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ వడ్డీ ఇంకా తగ్గొచ్చు. కానీ అది ఆమె బంగారం, ఆమె నిర్ణయం.

ఈ నెలలోనే చెయ్యండి. డబ్బు నాన్న చేతికిచ్చి పంపకండి, మీరే వెళ్లండి. ఎదురుగా కూర్చుని ప్రామిసరీ నోటు మీద చెల్లు రాయించి, సంతకం పెట్టించి, నోటు వెనక్కి తెచ్చుకోండి. ఖాళీ స్టాంపు కాగితాల మీద నాన్నతో వేలిముద్రలు, సంతకాలు ఏమైనా పెట్టించుకున్నారేమో ముందే కనుక్కుని అవీ తీసుకోండి. ‘మనమధ్య కాగితాలెందుకు అబ్బాయ్’ అంటారు. ఇచ్చేటప్పుడు కాగితం అడిగినవాళ్లకు తీర్చేటప్పుడూ కాగితమే.

ఇంత చదువుకున్నారు, ఇది మీకెందుకు తట్టలేదని నేను అనను. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డప్పుడు అప్పు అంటే ఊళ్లో ఆసామే గుర్తొస్తాడు, మీ నాన్నకు జీవితమంతా అప్పిచ్చింది ఆయనే. ఆస్తి ఉన్న ఇంట్లో మోకాలి ఆపరేషన్ అంటే ఒక ఎఫ్‌డీ బద్దలవుతుంది, అంతే. ఆస్తి లేని ఇంట్లో అదే ఆపరేషన్ 36 శాతం వడ్డీగా మారి కొడుకు జీతంలోకి వస్తుంది. ఒకే జబ్బుకు రెండు ధరలు.

ఇంటికి పంపేది తగ్గించాలా అంటే, ఆపకండి, పాతిక వేలు మీ స్థాయికి అన్యాయమైన అంకె కాదు. అయితే అది అంకెగానే ఉండాలి. పాతిక వేలు పంపాక పదో తారీఖున పెద్దమ్మ కూతురి ఫంక్షన్, ఇరవయ్యో తారీఖున బంధువు బైక్ ఈఎంఐ అని వచ్చే ఫోన్లు మిమ్మల్ని తినేస్తున్నాయని ఊహిస్తున్నాను, ఇలాంటి ఉత్తరాలన్నింటిలో అదే ఉంటుంది. వాటికోసం నెలకు ఐదు వేలో ఎంతో పక్కన వేరే ఖాతాలో పెట్టండి. అందులో ఉంటే ఇవ్వండి, అయిపోతే ‘వచ్చే నెల చూద్దాం పెద్దమ్మా’ అనండి. మీ జీతం ఎంతో, అప్పు ఎంతో అమ్మానాన్నలకు కాగితం మీద రాసి చూపించండి. కొడుకు కోటీశ్వరుడని ఊళ్లో చెప్పుకోవడం వాళ్లకు సంతోషమే, ఆ సంతోషం ఖరీదు తెలిస్తే వాళ్లే నాలుగు మాటలు తగ్గిస్తారు. కంపెనీ గ్రూప్ హెల్త్ పాలసీలో వాళ్లను చేర్చే వీలుందేమో కనుక్కుని, ఉంటే ప్రీమియం కోసుకున్నా సరే చేర్చండి. రెండో మోకాలు కూడా ఉంది కదా.

మీ పేరు మీద టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే ఇంటికి డబ్బు వచ్చే బీమా, ఉందా? మీరు రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. భూమి ఉన్న ఇంట్లో మనిషి పోతే భూమి మిగులుతుంది. మీ ఇంట్లో ఉన్న ఆస్తల్లా మీరే. కనీసం కోటి రూపాయలకు వట్టి టర్మ్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు. బాబాయి వరస ఏజెంటు వచ్చి మనీబ్యాక్ అంటే టీ ఇచ్చి పంపండి. ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ తీసి వాడేశారేమో అని కూడా నా అనుమానం, మీ వయసువాళ్లలో చాలామంది చేసేది అదే. 2024-25కు దాని మీద వడ్డీ 8.25 శాతం. మీ తరఫున కంపెనీ కూడా వేసే ఏకైక హుండీ అది. ఇకనుంచి మారితే ట్రాన్స్‌ఫరే తప్ప విత్‌డ్రా వద్దు. అప్పు తీరాక ఆ ఇరవై వేలు ప్రతినెలా పక్కన పడితే, నలభయ్యో ఏట ఫ్లాటు గురించి మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం. మీ ఫ్రెండుని అందుకుంటారా అంటే, మీ జీవితకాలంలో అందుకోకపోవచ్చు. లెక్క అలా ఉంది. అది మీ తప్పు కాదు కాబట్టి, దాన్ని పరుగుపందెంగా పెట్టుకోకండి.

మీ చిన్నాన్న కొడుకు విషయం రాయడానికి సిగ్గుపడ్డారు, కానీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ నాలుగు వాక్యాలే. మీ ఫ్రెండు మిమ్మల్ని చూసిన కళ్లతోనే మీరూ అతన్ని చూస్తున్నారని మీకు మీరే పట్టేసుకున్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ వాడు యూనిఫాం ఉన్న డెలివరీ కుర్రాణ్ణి క్షణంలో వదిలేసి, సిమెంటు మరకల చొక్కాను ఆపి ‘ఏ ఫ్లాట్? ఏం పని?’ అంటాడు. పక్కవాళ్లు చూస్తారు, నిజమే. చూసి ఏం చేస్తారు? ఆయన మీకేమవుతాడని అడిగితే అడుగుతారు. ఈ ఆదివారం మీరే కిందికి దిగి గేటు దగ్గరికి వెళ్లండి. ‘మా తమ్ముడు’ అని సెక్యూరిటీకి చెప్పి, రిజిస్టర్‌లోనూ అలాగే రాయించండి. పైగా ఆ తమ్ముడికి మీరు చేయగలిగిన పని ఒకటుంది. కర్ణాటకలో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఉంది, అందులో నమోదైతే ప్రమాదానికి, వైద్యానికి, పిల్లల చదువుకు సాయం ఉంటుంది. ఏడాదిలో కనీసం 90 రోజులు ఆ పని చేసినట్టు కాగితం కావాలి. మేస్త్రీలు ఆ కాగితం తేలిగ్గా ఇవ్వరు. కన్నడలో మాట్లాడి, ఫారం నింపి, ఆన్‌లైన్‌లో పెట్టడానికి చదువుకున్న అన్న కావాలి.

ఇక భూమి. తాత నాటి డీ పట్టా అంటే అసైన్డ్ భూమి, పేదలకు ప్రభుత్వం ఇచ్చింది. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడం చెల్లదు. పేదవాడి చేతిలోంచి పెద్దవాడు లాక్కోకూడదని పెట్టిన నిబంధన అది, మంచిదే. కానీ దానివల్లే గట్టు అవతల పట్టా ఎకరానికి ఒక ధర, ఇవతల అదే మట్టికి ఇంకో ధర. 2015లో అమరావతి భూసమీకరణలో కూడా అసైన్డ్ ఎకరాకు ఇవ్వజూపిన స్థలం పట్టా ఎకరాకు ఇచ్చినదానికంటే తక్కువే. 2023లో ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ వ్యవసాయ భూమి మీద అసలు లబ్ధిదారుకు, వారసులకు పూర్తి హక్కు కల్పించింది. తర్వాత అక్రమాలు జరిగాయని ఆ రిజిస్ట్రేషన్లు నిలిపేసి విచారణ పెట్టారు. కాబట్టి మీ సర్వే నంబరు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఊళ్లో మాటల మీద నమ్మొద్దు.

అప్పు పర్సనల్ లోన్‌తో తీరుతుంది కాబట్టి అమ్మే తొందర ఇప్పుడు లేదు. మీ ఇంట్లో మూడు తరాల్లో భూమి అన్న పేరుతో ఉన్నది ఈ ఎకరం ఇరవై సెంట్లే. తెల్లకాగితం మీద రాసుకుని అడ్వాన్సు ఇస్తామనేవాళ్లు మీ నాన్న దగ్గరికి ఈపాటికే వచ్చి ఉంటారు. సంతకం పెట్టొద్దని ఇవాళే ఫోన్ చెయ్యండి. ప్రభుత్వ భూరికార్డుల సైట్ మీభూమిలో ఊరి పేరు, సర్వే నంబరు కొట్టి, భూమి ఎవరి పేరున ఉందో చూపే అడంగల్, 1-బి తీసి చూడండి. ఇంకా తాత పేరే ఉంటే వారసుల్లో మీ నాన్నతోపాటు చిన్నాన్నా, మేనత్తలూ ఉంటారు, వాళ్లకు చెప్పకుండా అడుగు వెయ్యకండి. ఆ సర్వే నంబరు 22-ఎ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల్లో, ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తెలుస్తుంది. పండక్కి వెళ్లినప్పుడు ఆఫీసులు తెరిచి ఉండవు, మామూలు రోజు చూసి రెండు రోజులు లీవు పెట్టండి. అసలు డీ పట్టా ఇంట్లోనే ఉంచి జిరాక్సులు పట్టుకుని నాన్నతో కలిసి తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లి, మీ పేర్ల మీదికి మార్చడానికి అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. బయట టీ కొట్టు దగ్గర ‘నేను చూసుకుంటా, కాగితాలు ఇచ్చెయ్’ అనేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వాడికి జిరాక్సు కూడా ఇవ్వకండి.